వాల్వ్ సన్నబడింది, మనిషికేమో ఏమీ లేదు: రక్తపరీక్ష చాలా, గుండె ఎమ్మారైకి పోవాలా?

ఎకో రిపోర్టులో సివియర్ అయోర్టిక్ స్టెనోసిస్, అంటే గుండె నుంచి ఒంటికి రక్తం పోయే వాల్వ్ బాగా సన్నబడింది అని ఉంటుంది, మనిషిని అడిగితే నాకేం, గుండ్రాయిలా ఉన్నానంటాడు. ఒక డాక్టరు ఆర్నెల్లకు మళ్లీ ఎకో అంటారు, ఇంకొకాయన ఎన్‌టీ-ప్రో బీఎన్‌పీ అనే రక్తపరీక్ష చేయించుకు రమ్మని చీటీ రాస్తారు, వేలూరులో చూపించుకున్న బంధువొకరు ఫోన్ చేసి గుండె ఎమ్మారై తీయించండి, కండలో మచ్చ పడిందో లేదో అందులోనే తెలుస్తుంది అంటారు. మూడూ మంచి మాటలే. కాకపోతే మూడూ ఒకే ప్రశ్నకు జవాబులు కావు, ఆ సంగతి మనకు ఎవరూ విడదీసి చెప్పరు. నేను డాక్టరును కాను, మా నాయన వాల్వ్ ఫైలు మోసుకుని తిరిగేవాణ్ణి. ఆ ఫైలు లావయ్యే కొద్దీ చదివి, అడిగి తెలుసుకున్నది ఇక్కడ పెడుతున్నాను. నిర్ణయం మాత్రం మీ కార్డియాలజిస్టుతో కూర్చుని తీసుకోవాల్సిందే.

## ముందు, ఇది ఎవరికి అక్కర్లేదు

నడిస్తే ఆయాసం, ఛాతీలో పట్టేసినట్టు ఉండటం, కళ్లు తిరిగి పడిపోవడం: సివియర్ వాల్వ్ ఉండి వీటిలో ఒక్కటి మొదలైనా ఈ పోలికంతా మీకు అనవసరం. వాల్వ్ మార్చాలి, అంతే. ఎకోలో ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే గుండె ఒక్కో దెబ్బకు బయటికి తోసే రక్తం వంతు, 50 శాతం కంటే తగ్గినా అదే మాట. అలాంటివాళ్లు మచ్చ ఎంతుందో చూసుకుని అప్పుడు ఆలోచిద్దాం అని నెలలు గడపడం కంటే తెలివితక్కువ పని లేదు, ఎందుకంటే మచ్చ ఉన్నా లేకపోయినా చేయాల్సింది మారదు.

ఇంకొకటి, లక్షణాలు లేవు అనే మాటను ఉన్నదున్నట్టు నమ్మకండి. ఈ జబ్బు నిదానంగా పెరుగుతుంది కాబట్టి మనిషి తనకు తెలియకుండానే పనులు తగ్గించుకుంటాడు. రెండేళ్ల కింద శ్రీవారి మెట్టు దారిలో 2388 మెట్లు ఎక్కినాయన ఇప్పుడు బస్సులో పోదాం అంటున్నాడంటే, వయసైపోయిందిలే అని సర్దిచెప్పుకోకుండా డాక్టరుకు ఆ మాట అట్లాగే చెప్పండి. అట్లాగని పరీక్ష కోసం మెట్లు ఎక్కించకండి సామీ! గుండె జబ్బులున్నవాళ్లు నడకదారిలో రావద్దని టీటీడీయే చెబుతోంది, సన్నబడిన వాల్వ్‌తో ఎక్కడం నిజంగానే ప్రమాదం.

మిగిలింది సివియర్ ఉండి, ఎజెక్షన్ ఫ్రాక్షన్ బాగుండి, నిజంగానే లక్షణాలు లేనివాళ్లు. ఇప్పుడు మార్చుకుందామా, ఆగుదామా అని ఊగిసలాడేది వాళ్లే. ఈ రాసిందంతా వాళ్లకే.

## దేన్నిబట్టి ఎంచుకోవాలి

ఒక్క ప్రశ్న అన్నిటికంటే పైన పెట్టుకోండి: ఈ పరీక్ష ఫలితం ఎక్కువ వస్తే ఏం చేస్తాం, తక్కువ వస్తే ఏం చేస్తాం? రెండింటికీ జవాబు ఒకటే అయితే ఆ పరీక్షకు డబ్బులు పెట్టొద్దు. డాక్టరును కూడా ఇదే అడగండి, మంచి డాక్టరు ఎవరూ కోప్పడరు.

దాని తర్వాతే మిగతావి. పరీక్ష వాల్వ్‌ను చూస్తోందా, కండను చూస్తోందా? కిడ్నీ, వయసు, షుగరు లాంటివి దాని లెక్కను ఎంత తప్పిస్తాయి? ఆర్నెల్లకోసారి అదే చోట, అదే పద్ధతిలో మళ్లీ చేయించగలమా, లేక ఒక్కసారికే ఊరు దాటి పోవాలా? ఖర్చు సంగతి చెప్పక్కర్లేదు.

వాల్వ్‌ను చూడటానికీ కండను చూడటానికీ తేడా ఏంటంటే, మన చిత్తూరు జిల్లాలో బోర్ల సంగతి తెలియని ఇల్లుండదు కాబట్టి అట్లాగే చెప్తాను. పైపు మూతి పూడుకుపోతే మోటారు లోడు మీద నడుస్తుంది. ఎకో చెప్పేది మూతి ఎంత పూడిందని. రక్తపరీక్ష చెప్పేది మోటారు వేడెక్కుతోందని. ఎమ్మారై చెప్పేది లోపల కాయిలు ఎంత కాలిందని. కొత్త పైపు వేస్తే వేడి తగ్గుతుంది, కాలిన కాయిలు మాత్రం తిరిగి రాదు.

## మచ్చ ఎట్లా పడుతుంది

సన్నబడిన వాల్వ్ గుండా రక్తం తోయడానికి ఎడమ జఠరిక, అంటే గుండె ఎడమవైపు కింది గది, కండ మందమవుతుంది. మొదట్లో ఇది మంచికే. కానీ మందమైన కండకు సరిపడా రక్తం అందదు, కణాల మధ్య కొలాజెన్ అనే నార పదార్థం పేరుకుంటుంది, కండ బిగుసుకుంటుంది. ఇది కండంతా పలచగా పరుచుకునే రకం, వాల్వ్ మార్చాక కొంతవరకు తగ్గుతుందని తెలిసింది. ఇంకా ముదిరితే కణాలు చనిపోయి, వాటి చోట గట్టి మచ్చ పడుతుంది. ఇది మాత్రం వాల్వ్ మార్చినా పోదు. ఒకసారి పడ్డాక వేగంగా పెరుగుతుందనీ, ఇది ఉన్నవాళ్లకు ఆపరేషన్ తర్వాత కూడా ముప్పు ఎక్కువేననీ చాలా అధ్యయనాల్లో తేలింది. అందుకే మచ్చ పడకముందే వాల్వ్ మార్చేస్తే పోలా అనే ఆలోచన వచ్చింది. వినడానికి సబబుగానే ఉంది, నిజంగా ఎంత పనిచేసిందో కింద చెప్తాను.

## ఒక చూపులో

| పరీక్ష | ఏం చెబుతుంది | మచ్చ తెలుస్తుందా | లెక్క తప్పించేవి | మళ్లీ మళ్లీ చేయించడం |
|---|---|---|---|---|
| ఎకో | వాల్వ్ ఎంత సన్నబడింది, పంపింగ్ ఎట్లుంది | నేరుగా తెలియదు, స్ట్రెయిన్ కొలిస్తే అనుమానం వస్తుంది | చేసే మనిషి చెయ్యి, బీపీ | సులువు |
| ఎన్‌టీ-ప్రో బీఎన్‌పీ | కండ మీద ఒత్తిడి | తెలియదు | వయసు, కిడ్నీ, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పే జబ్బు), ఊబకాయం | సులువు |
| హై-సెన్సిటివిటీ ట్రోపోనిన్ | కండ కణాలు దెబ్బతింటున్నాయా | సూచన మాత్రమే | కిడ్నీ, గుండెపోటు, కంపెనీ తేడా | ఒకే ల్యాబ్ అయితే సులువు |
| గుండె ఎమ్మారై | మచ్చ ఎక్కడ, ఎంత | నేరుగా కనిపిస్తుంది | గుండె లయ తప్పడం, ఊపిరి బిగబట్టలేకపోవడం | కష్టం, ఖరీదు |
| సీటీ కాల్షియం స్కోరు | వాల్వ్‌లో సున్నం ఎంత | తెలియదు | ఆడవాళ్లకు వేరే కొలత | అవసరం తక్కువ |

## ఎకో: ఎవరూ దాటలేని మెట్టు

వాల్వ్ గుండా రక్తం పోయే వేగం సెకనుకు 4 మీటర్లు దాటితే, సగటు గ్రేడియంట్, అంటే వాల్వ్‌కు అటూ ఇటూ ఉండే ఒత్తిడి తేడా, 40 దాటితే, వాల్వ్ వైశాల్యం 1 చదరపు సెంటీమీటరు కంటే తగ్గితే సివియర్ అంటారు. మామూలు మనిషికి ఆ వైశాల్యం 3 నుంచి 4 దాకా ఉంటుంది.

చాలామంది అడగని సంగతి ఒకటుంది. స్ట్రెయిన్, పూర్తి పేరు గ్లోబల్ లాంజిట్యూడినల్ స్ట్రెయిన్, కొత్త ఎకో మెషీన్లలో వస్తుంది. ఎజెక్షన్ ఫ్రాక్షన్ 60 అని రాసున్నా కండ పొడవునా ముడుచుకోవడం తగ్గుతుంటే ఇందులో ముందే పట్టుబడుతుంది. అంకెకు ముందు మైనస్ ఉంటుంది, దాన్ని చూసి బెదరకండి. ఆ మైనస్ పక్కన పెట్టి చూస్తే 15 కంటే తక్కువ ఉంటే జాగ్రత్త పడాలి. ఎమ్మారైకి ఊరు దాటి పోయే ముందు, ఇక్కడి ఎకోలోనే ఇది కొలవగలరా అని అడిగితే చాలాసార్లు సగం పని అయిపోతుంది.

## ఎన్‌టీ-ప్రో బీఎన్‌పీ: నా ఓటు మొదట దీనికే

గుండె కండ సాగి ఒత్తిడికి గురైనప్పుడు ఒక ప్రోటీన్ తయారవుతుంది, అది రెండు ముక్కలవుతుంది. పనిచేసే ముక్క బీఎన్‌పీ, పనిలేని ముక్క ఎన్‌టీ-ప్రో బీఎన్‌పీ. మన ఊళ్లవాళ్లకు ఆ పనిలేని ముక్కే నయం. బీఎన్‌పీ తీసిన రక్తంలో త్వరగా విరిగిపోతుంది. పుంగనూరులోనో పలమనేరులోనో తీసిన శాంపిల్ చెన్నైకో బెంగళూరుకో పోయి టెస్టయ్యే చోట, నిలకడగా ఉండే ఎన్‌టీ-ప్రోనే నమ్మకం. గుండె వైఫల్యానికి ఇచ్చే సాక్యుబిట్రిల్-వల్సార్టన్ మాత్ర వేసుకునేవాళ్లకైతే బీఎన్‌పీ అంకె మందు వల్లే పెరుగుతుంది, ఎన్‌టీ-ప్రోకు ఆ గొడవ లేదు.

రిపోర్టులో పక్కన ముద్రించే నార్మల్‌తో చిక్కొస్తుంది. చాలా ల్యాబులు 75 ఏళ్లలోపు వాళ్లకు 125, పైబడినవాళ్లకు 450 అని వేస్తాయి. కొన్ని చోట్ల అందరికీ 125 అనే ఉంటుంది. 78 ఏళ్ల ముసలాయనకు 390 వస్తే ఎర్ర అక్షరాల్లో కనిపించి ఇంటిల్లిపాదికీ టెన్షన్, అసలు ఆ వయసుకు అది పెద్ద లెక్కే కాదు. అదే అంకె 50 ఏళ్ల మనిషికి వచ్చి, కిడ్నీలు బాగుంటే, ఆలోచించాల్సిందే. వయసుకూ ఆడ మగకూ సరిపోయే నార్మల్ కంటే 3 రెట్లు దాటితే, వేరే కారణం కనపడకపోతే, లక్షణాలు లేకపోయినా వాల్వ్ మార్చడం సబబేనని 2020 అమెరికా గైడ్‌లైన్స్‌లోనూ 2021 యూరప్ గైడ్‌లైన్స్‌లోనూ ఉంది. ఆపరేషన్ ముప్పు తక్కువున్న వాళ్లకే సుమా. ఈ రక్తపరీక్షల్లో నిర్ణయాన్ని కదిలించే స్థానం గైడ్‌లైన్స్ ఇచ్చింది దీనికొక్కదానికే, అందుకే నా ఓటు.

కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగితే ఈ అంకె పెరుగుతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నా పెరుగుతుంది. లావుగా ఉన్నవాళ్లకు ఉండాల్సిన దానికంటే తక్కువ చూపిస్తుంది, కాబట్టి భారీ మనిషికి నార్మల్ వచ్చిందని సంబరపడకూడదు. ఒక్క అంకె కంటే వరస ముఖ్యం. 200, 260, 700 అని వస్తుంటే ఆ మూడోది మాట్లాడుతోంది. ఆ వరస కనపడాలంటే ప్రతిసారీ ఒకే ల్యాబ్, ఒకే పరీక్ష, పక్కనే అదే రోజు క్రియాటినిన్.

## ట్రోపోనిన్: మంచిదే కానీ ఇంట్లో భయం పెడుతుంది

ట్రోపోనిన్ అనగానే గుండెపోటు గుర్తొస్తుంది. క్యాజువాలిటీలో చుక్క రక్తం వేసి గీత చూసే కార్డు టెస్టు ఇక్కడ పనికిరాదు, దాంట్లో నెగటివ్ వచ్చిందని ఏమీ అనుకోవద్దు. వాల్వ్ రోగుల్లో కనిపించేది గుండెపోటు స్థాయి కాదు, చాలా కొద్దిపాటి లీకు, హై-సెన్సిటివిటీ పరీక్షకే అందుతుంది. కండ మందం పెరిగే కొద్దీ, మధ్యపొరలో మచ్చ పడే కొద్దీ ఈ అంకె పెరుగుతుందని బ్రిటన్‌లో చేసిన పనిలో తేలింది. అందుకే కింద చెప్పబోయే ట్రయల్లో లీటరుకు 6 నానోగ్రాముల హై-సెన్సిటివిటీ ట్రోపోనిన్ ఐ దాటినవాళ్లను, లేదా ఈసీజీలో కండ మందం కనిపించినవాళ్లను ఏరి ఎమ్మారైకి పంపారు. అంటే దీన్ని వాడాల్సిన తీరు అదే: ఎవరికి ఎమ్మారై అక్కర్లేదో తేల్చుకోవడానికి.

మా చుట్టాల్లో ఒకాయన ఏదో హార్ట్ ప్యాకేజీలో ఇది చేయించుకుని, రిపోర్టు మీద హై అని చూసి రాత్రికి రాత్రి క్యాజువాలిటీకి పోయారు. తెల్లారేదాకా ఈసీజీలు, మళ్లీ మళ్లీ రక్తం. మూడు శాంపిళ్లలోనూ అంకె కదల్లేదు, వాల్వ్ వల్లేనని పంపించేశారు. గుండెపోటులో అంకె గంటల్లో కదులుతుంది, వాల్వ్‌లో ఇంచుమించు అక్కడే ఉంటుంది. అయితే ఆ తేడా తేల్చాల్సింది డాక్టరు, ఛాతీ నొప్పి ఉంటే మాత్రం ఇంట్లో కూర్చుని లెక్కలు వేయొద్దు. ట్రోపోనిన్ ఐ పరీక్షలు కంపెనీకొక రకం, ఒక ల్యాబ్ అంకెను ఇంకో ల్యాబ్ అంకెతో పోల్చకండి. జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు మింగేవాళ్లు ఆ సంగతి ల్యాబ్‌లో చెప్పండి, కొన్ని మెషీన్లలో అది అంకెను తప్పుగా తగ్గిస్తుంది.

## గాలెక్టిన్-3, ఎస్‌టీ2, కొలాజెన్ ముక్కలు

వద్దు. రక్తంలో కొలిచే వీటికి ఫైబ్రోసిస్ మార్కర్లు, అంటే మచ్చ గుర్తులు, అని పేరు గొప్పగా ఉంటుంది గానీ గాలెక్టిన్ లివరు, కిడ్నీ జబ్బుల్లోనూ పెరుగుతుంది, కొలాజెన్ ముక్కలు ఎముకల నుంచీ వస్తాయి. పరిశోధనకు పనికొస్తాయి. వాల్వ్ ఎప్పుడు మార్చాలో చెప్పడానికి వీటిని ఏ పెద్ద గైడ్‌లైన్ వాడమనలేదు.

## గుండె ఎమ్మారై: మచ్చను కళ్లారా చూపించేది ఇదొక్కటే

గాడోలినియం అనే మందు నరంలోకి ఎక్కించి కొన్ని నిమిషాలు ఆగి ఫొటోలు తీస్తారు, మచ్చ ఉన్నచోట మందు నిలిచి తెల్లగా మెరుస్తుంది. రిపోర్టులో ఎల్‌జీఈ అని రాసేది దీన్నే. వాల్వ్ వల్ల వచ్చిన మచ్చ కండ మధ్యపొరలో ఉంటుంది, పాత గుండెపోటు మచ్చ లోపలి పొర నుంచి మొదలవుతుంది. షుగరున్నవాళ్లలో నొప్పి తెలియకుండానే గుండెపోటు వచ్చిపోయి ఉండొచ్చు, ఆ తేడా పట్టివ్వడం దీని ప్రత్యేకత. పలచగా పరుచుకున్న రకాన్ని కొలవడానికి టీ1 మ్యాపింగ్, ఈసీవీ అనే లెక్క ఉన్నాయి. ఈసీవీ లెక్కించడానికి అదే రోజు రక్తంలో హిమటోక్రిట్, అంటే ఎర్రకణాల శాతం, కావాలి, ఇది మర్చిపోయి వచ్చేసేవాళ్లున్నారు.

75 దాటినవాళ్లలో ఇంకో లాభం. ఎన్‌టీ-ప్రో, ట్రోపోనిన్ రెండూ వాల్వ్ తీవ్రతకు పొంతన లేనంత ఎక్కువ వస్తే, కండలో అమిలాయిడ్ అనే పదార్థం పేరుకునే జబ్బు జతగా ఉందేమో చూడాలి, ఎమ్మారైలో దాని ఛాయలు కనిపిస్తాయి.

కష్టాలు చెప్తాను. ముప్పావు గంట నుంచి గంట దాకా ఆ గొట్టంలో పడుకోవాలి, ఊపిరి పీల్చు, వదులు, ఆపు అని మైకులో చెప్పినప్పుడల్లా బిగబట్టాలి. అవతల చెప్పే భాష అర్థం కాకపోతే పెద్దవాళ్లు కంగారుపడి ఫొటోలు చెడగొట్టుకుంటారు, కాబట్టి పోయే ముందు ఇంట్లోనే పది పదిహేను సెకన్లు ఆపడం అలవాటు చేయించండి. కిడ్నీలు ఎంత వడకడుతున్నాయో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ 30 కంటే తక్కువుంటే గాడోలినియం విషయం డాక్టరుతో తేల్చుకోవాలి. పాత రకం పేస్‌మేకర్లు కొన్నింటికి ఇది కుదరదు. ఎమ్మారై మెషీన్ ఉన్న ప్రతి చోటా గుండెకు తీయరు. తిరుపతిలోనైనా వేలూరులోనైనా చెన్నైలోనైనా ముందే ఫోన్ చేసి, గుండెకు ఎల్‌జీఈ, టీ1 మ్యాపింగ్ రెండూ చేస్తారా, చదివేది గుండె ఎమ్మారై అలవాటున్నవాళ్లేనా అని అడగండి. ఫిల్ములతో సరిపెట్టకుండా సీడీ తీసుకోండి.

## మచ్చ ఉందని తేలితే వెంటనే మార్చేయాలా?

అసలు తిరకాసంతా ఇక్కడే. దీన్ని తేల్చడానికే బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఎవాల్వ్‌డ్ అనే ట్రయల్ చేశారు, 2024లో ఫలితం వచ్చింది. లక్షణాలు లేని సివియర్ వాల్వ్, కండ మధ్యలో మచ్చ, ఇట్లాంటి 224 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు వెంటనే వాల్వ్ మార్చారు, రెండో జట్టును మామూలుగా కనిపెట్టుకుని ఉన్నారు. మరణం లేదా వాల్వ్ వల్ల హఠాత్తుగా ఆస్పత్రిలో చేరడం, ఈ రెండూ కలిపి చూస్తే వెంటనే మార్చినవాళ్లలో 18 శాతం, ఆగినవాళ్లలో 23 శాతం. తేడా గట్టిగా నిలబడలేదు. హఠాత్తుగా చేరడం ఒక్కటే చూస్తే 6 శాతం, 17 శాతం, ఇది మాత్రం తగ్గింది. ట్రయల్ చిన్నది కాబట్టి మచ్చకు విలువ లేదని తేలినట్టు కాదు, మచ్చ ఒక్కటే చూసి కోయడానికి ఆధారం చాలదని మాత్రం అర్థం.

అదే ఏడాది అమెరికా, కెనడాల నుంచి ఎర్లీ టావర్ అనే ఇంకో ట్రయల్ ఫలితాలొచ్చాయి. 65 దాటిన 901 మంది, మచ్చ ఉందా లేదా అని ఏరలేదు. వెంటనే కాలి ధమని గుండా వాల్వ్ వేసినవాళ్లలో మరణం, పక్షవాతం, హఠాత్తుగా ఆస్పత్రి కలిపి 26.8 శాతం, ఆగినవాళ్లలో 45.3. ఆ తేడాలో ఎక్కువ భాగం ఆస్పత్రిలో చేరడాల వల్లే, మరణాలు ఇంచుమించు సమానం. నన్ను ఆలోచింపజేసింది ఇంకో అంకె: ఆగుదామన్నవాళ్లలో 87 శాతం మందికి ట్రయల్ నడిచిన కొన్నేళ్లలోనే వాల్వ్ మార్చాల్సి వచ్చింది. అంటే ఆగడమంటే తప్పించుకోవడం కాదు, వాయిదా మాత్రమే. ఆ వాయిదా దగ్గరో దూరమో చెప్పడానికే ఈ రక్తపరీక్షలూ ఎమ్మారైలూ.

## మీరు ఎవరైతే ఏది

70 దాటినవాళ్లు, లక్షణాలు లేవు, కిడ్నీలు బాగున్నాయి. స్ట్రెయిన్‌తో ఎకో, ఎన్‌టీ-ప్రో, క్రియాటినిన్. డాక్టరు పక్కనుండి చేయిస్తే ట్రెడ్‌మిల్. బీపీ పడిపోయినా, ఆయాసం బయటపడినా నిర్ణయం అయిపోతుంది, ఎమ్మారై దాకా పోనక్కర్లేదు. అంకెలన్నీ వాల్వ్ మార్చమనే చెబుతుంటే మచ్చ కోసం వెతకడం దండగ. అంకెలు ఒకదానికొకటి పొసగనప్పుడే, అంటే ఎన్‌టీ-ప్రో పెరుగుతోంది గానీ ట్రెడ్‌మిల్ శుభ్రంగా ఉంది లాంటప్పుడు, ఎమ్మారై తన ఖర్చుకు న్యాయం చేస్తుంది.

నలభై, యాభైల్లో ఉండి, పుట్టుకతోనే రెండు రేకుల వాల్వ్ ఉన్నవాళ్లు. వీళ్లకు నేను ఎమ్మారై వైపే మొగ్గుతాను. మచ్చతో పాటు బృహద్ధమని వెడల్పు కూడా అదే సిటింగ్‌లో కొలుస్తారు, ఈ రకంలో అది సాగే అవకాశం ఉంది. ఇంత వయసులో వాల్వ్ పెడితే లోహపుదైతే జీవితాంతం రక్తం పలుచన చేసే మాత్ర, జంతు కణజాలందైతే మళ్లీ మార్చాల్సి రావడం, రెండూ బరువైనవే. కాబట్టి తొందరపడకుండా, అట్లాగని ఆలస్యం కాకుండా ఉండటానికి ఎక్కువ సమాచారం ఉంటే మంచిదే.

కిడ్నీ జబ్బున్నవాళ్లు. ఎన్‌టీ-ప్రో, ట్రోపోనిన్ రెండూ ఎప్పుడూ ఎక్కువే ఉంటాయి, ఒక్క అంకెతో ఏమీ తేలదు, మీ పాత అంకెతోనే పోల్చాలి. గాడోలినియం ఇవ్వకపోయినా మందు లేకుండా చేసే టీ1 మ్యాపింగ్ ఉంది, అడగండి. వీళ్లకు ఎకో స్ట్రెయిన్ ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

అసలు సివియరా కాదా అనే అనుమానం ఉన్నవాళ్లు. వైశాల్యం తక్కువ, గ్రేడియంట్ కూడా తక్కువ అని రాస్తే, రక్తపరీక్షా ఎమ్మారై రెండూ పక్కన పెట్టి ముందు సీటీ కాల్షియం స్కోరు. మందు ఎక్కించరు, కొన్ని నిమిషాల పని. మగవాళ్లకు 2000, ఆడవాళ్లకు 1200 దాటితే సివియర్ వైపే.

చిన్నప్పటి కీళ్లవాతం వల్ల వాల్వ్ చెడినవాళ్లు. మన దగ్గర ఇది తక్కువేం కాదు. వీళ్లకు మైట్రల్ వాల్వ్ కూడా దెబ్బతిని ఉంటుంది చాలాసార్లు, అప్పుడు ఎన్‌టీ-ప్రో పెరిగింది ఏ వాల్వ్ వల్లో తెలియదు. పైన చెప్పిన ట్రయళ్ల లెక్కలు వీళ్లకు నేరుగా అతకవు, రెండు వాల్వులూ కలిపి చూసే డాక్టరు మాటే వినాలి.

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు. ఒక్కటే చేయించగలిగితే మంచి ఎకో. రెండో దానికి వీలుంటే ఎన్‌టీ-ప్రో. తిరుపతిలో స్విమ్స్ అనే పెద్దాసుపత్రి ఉంది, గుండె డాక్టర్లూ ఆపరేషన్ చేసేవాళ్లూ ఒకే చోట ఉంటారు. రేషన్ కార్డు అర్హత ఉంటే ఆరోగ్యశ్రీలో, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు, వాల్వ్ ఆపరేషన్ ఉంది. ఏ పరీక్ష దాని కింద వస్తుంది, ఏది చేతి నుంచి కట్టాలి అనేది డాక్టరు గదిలో కాకుండా బయట కూర్చునే ఆరోగ్యమిత్రను అడగండి, పరీక్షలు చేయించుకోకముందే.

మోడరేట్ అని వచ్చినవాళ్లు. ఏడాదికో రెండేళ్లకో ఒక ఎకో, బీపీ అదుపులో పెట్టుకోవడం, కొత్తగా ఆయాసం వస్తే అప్పటిదాకా ఆగకుండా పోయి చూపించుకోవడం. మచ్చ కోసమని ఎమ్మారైకి ఇప్పుడే పరుగెత్తొద్దు.